దూరమైన నష్టం: పర్యావరణ సంక్షోభం వెనుక సామాజిక, సాంస్కృతిక కారణాలు

క్లుప్తంగా: భూమి వేడెక్కడానికి కర్బన ఉద్గారాలు కారణమనడం సగం సమాధానమే. ఆ ఉద్గారాలు లేనిదే పూట గడవని జీవన విధానం ఎలా ఏర్పడిందన్నది మిగతా సగం. లాభం అందుకునేవారికీ నష్టం భరించేవారికీ మధ్య స్థలంలో, కాలంలో, హోదాలో దూరం పెరుగుతూ వచ్చింది. ఆ దూరాన్ని పెంచిన కొలతలు, ఆశలు, ఆస్తి హక్కులు, మరపు ఎలా పనిచేస్తాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

## రెండు హెచ్చరికలు, రెండు ఫలితాలు

ఫ్రిజ్‌లలోనూ స్ప్రే డబ్బాల్లోనూ వాడే క్లోరోఫ్లోరోకార్బన్లు ఓజోన్ పొరను దెబ్బతీస్తాయని 1974లో మారియో మొలీనా, షెర్‌వుడ్ రోలండ్ అనే రసాయన శాస్త్రవేత్తలు హెచ్చరించారు. 1985లో అంటార్కిటికా మీద ఆ పొర బాగా పలచబడిన సంగతి బయటపడింది. మరో రెండేళ్లకు, 1987లో, మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. ఆ ఒప్పందం కిందికి వచ్చిన ఓజోన్ విధ్వంసక రసాయనాల్లో దాదాపు 99 శాతం నేడు వాడకంలో లేవు. ఓజోన్ పొర నెమ్మదిగా కోలుకుంటోంది.

కార్బన్ డయాక్సైడ్ విషయంలోనూ హెచ్చరికలకు కొదవ లేదు. 1958లో హవాయిలోని మౌనా లోవాలో కొలతలు మొదలైనప్పుడు గాలిలో అది పది లక్షల భాగాలకు 315 భాగాలు. ఇప్పుడు 420 దాటింది. 1988లో వాతావరణ మార్పును అంచనా వేసే ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ సంఘం ఐపీసీసీ ఏర్పడింది. 1992లో బ్రెజిల్‌లోని రియోలో ప్రపంచ దేశాలు వాతావరణ మార్పుపై ఒప్పందం చేసుకున్నాయి. అయినా శిలాజ ఇంధనాల నుంచి మానవ చరిత్రలో ఇంతవరకు వెలువడిన కార్బన్ డయాక్సైడ్‌లో సగానికి పైగా 1990 తర్వాత వెలువడిందే. తెలియక చేసినదాని కంటే తెలిసి చేసిందే ఎక్కువన్నమాట.

రెండు సందర్భాల్లోనూ శాస్త్రం చెప్పాల్సింది చెప్పింది. కాబట్టి తేడా ఎక్కడుందో వేరే చోట వెతకాలి. ఫ్రిజ్‌లోని వాయువు మారినా దాన్ని వాడే ఇంట్లో ఏదీ మారదు. ఆ రసాయనాలను తయారుచేసే కంపెనీలు కొన్నే, వాటికి ప్రత్యామ్నాయాలూ దొరికాయి. బొగ్గు, చమురు సంగతి అలా కాదు. ఇల్లు ఎక్కడ కట్టుకోవాలి, పనికి ఎంత దూరం వెళ్లాలి, ఎన్ని జతల బట్టలుంటే మర్యాద, ప్రభుత్వం దేన్ని అభివృద్ధిగా చూపించుకోవాలి అన్నవన్నీ చౌక ఇంధనం ఎప్పటికీ ఉంటుందన్న ధీమా మీదే రూపుదిద్దుకున్నాయి. ఒక పదార్థాన్ని తీసేయడం వేరు, ఒక బతుకుతీరును మార్చడం వేరు.

## తప్పు నమ్మకాలదేనా?

ఈ చర్చలో ఎక్కువగా ప్రస్తావనకు వచ్చే వాదం 1967 నాటిది. మధ్యయుగ చరిత్రకారుడు లిన్ వైట్ ‘సైన్స్’ పత్రికలో రాసిన వ్యాసం అది. ప్రకృతి ఉన్నదే మనిషి కోసమన్న భావనను పాశ్చాత్య క్రైస్తవం బలపరిచిందని, ఆ భావనకు యంత్రశక్తి తోడైనప్పుడు సంక్షోభం మొదలైందని ఆయన అన్నారు. చెట్టులో, సెలయేటిలో ఆత్మ ఉందని నమ్మినంతకాలం గొడ్డలి ఎత్తడానికి చెయ్యి వెనకాడుతుంది. ఆ నమ్మకం పోతే చెట్టు కలపగా మాత్రమే కనిపిస్తుంది. అదే మతంలోంచి అసిసీకి చెందిన ఫ్రాన్సిస్‌ను వైట్ మరో ఆదర్శంగా చూపించారు. 1979లో పోప్ రెండో జాన్ పాల్ ఫ్రాన్సిస్‌ను పర్యావరణవేత్తల రక్షక సాధువుగా ప్రకటించారు.

ఆలోచింపజేసే వాదమే. కానీ మరుసటి ఏడాదే భూగోళ శాస్త్రవేత్త యీ ఫూ త్వాన్ దానికి అడ్డుగా చైనా అనుభవాన్ని నిలబెట్టారు. ప్రకృతితో సామరస్యాన్ని బోధించిన తావో, బౌద్ధ సంప్రదాయాలు వేళ్లూనిన నేల అది. అక్కడే పొలాల కోసం, ఆలయాలకు కావలసిన భారీ దుంగల కోసం, దహన సంస్కారాల కట్టెల కోసం, చివరికి సిరాలో కలిపే పైన్ మసి కోసం కూడా అడవులు కరిగిపోయాయి. గ్రంథాల్లోని ఆదర్శానికీ నేల మీద జరిగినదానికీ పొంతన కుదరలేదు.

సోవియట్ యూనియన్ ఉదాహరణ మరో వైపు నుంచి ఇదే చెబుతుంది. అక్కడ మతానికి ప్రాబల్యం లేదు, ప్రైవేటు లాభానికి చోటు లేదు. అయినా 1960లో ప్రపంచంలో నాలుగో అతిపెద్ద సరస్సుగా ఉన్న మధ్య ఆసియాలోని ఆరల్ సముద్రం, అము దర్యా, సిర్ దర్యా నదుల నీటిని పత్తి పొలాలకు మళ్లించడంతో ఎండుతూ వచ్చి 2007 నాటికి పదో వంతుకు కుంచించుకుపోయింది. ప్రణాళిక పట్టికలో పత్తి టన్నులకు ఒక గడి ఉంది. సరస్సుకు లేదు. ఒక మతాన్నో ఒక ఆర్థిక విధానాన్నో ఒంటరిగా దోషిగా నిలబెట్టే వివరణలు ఇక్కడే తడబడతాయి. ఏం నమ్ముతున్నారన్నదానికంటే, నిర్ణయం తీసుకునేవారి కంటికి నష్టం ఆనుతోందా లేదా అన్నదే ఫలితాన్ని ఎక్కువగా తేల్చింది.

## లెక్కలోకి రానిది లేనట్టే

కంటికి ఏది ఆనాలో నిర్ణయించేది కొలత. జాతీయాదాయం లెక్కలకు రూపం ఇచ్చిన ఆర్థికవేత్త సైమన్ కుజ్నెట్స్ 1934లో అమెరికా కాంగ్రెస్‌కు సమర్పించిన నివేదికలోనే, ఆ అంకె చూసి ఒక దేశ సంక్షేమాన్ని అంచనా వేయలేమని స్పష్టం చేశారు. తర్వాతి దశాబ్దాల్లో అంకె మిగిలింది, హెచ్చరిక మరుగున పడింది. స్థూల దేశీయోత్పత్తి లెక్కలో నిలబడి ఉన్న అడవి విలువ దాదాపు సున్నా. అదే అడవిని నరికి అమ్మితే ఆదాయం. నది కలుషితమైతే నీటిని శుద్ధి చేసే ఖర్చు, జబ్బుపడ్డవారి వైద్యం ఖర్చు కూడా వృద్ధి ఖాతాలోనే చేరతాయి. ప్రభుత్వాల గెలుపోటములు, దేశాల పరపతి, అప్పుల షరతులు ఈ అంకెతో ముడిపడ్డాక, దాన్ని పెంచడం ఒక సాంస్కృతిక విలువే అయింది.

కాలం విషయంలో దూరం మరింత సూక్ష్మంగా పనిచేస్తుంది. భవిష్యత్తులో జరగబోయే నష్టాన్ని నేటి విలువలోకి మార్చడానికి ఆర్థికవేత్తలు ఒక తగ్గింపు రేటు వాడతారు. బ్రిటన్ ప్రభుత్వం కోసం ఆర్థికవేత్త నికొలస్ స్టెర్న్ 2006లో రూపొందించిన నివేదిక ఆ రేటును సుమారు 1.4 శాతంగా తీసుకుంది. ఆ లెక్కన వందేళ్ల తర్వాత జరిగే 100 రూపాయల నష్టాన్ని ఆపడానికి నేడు దాదాపు 25 రూపాయలు ఖర్చుపెట్టడం న్యాయం. రేటును 4 శాతం చేస్తే అదే నష్టం విలువ 2 రూపాయలకు పడిపోతుంది. ప్రకృతి సూత్రాల్లో ఏదీ మారలేదు. ఇంకా పుట్టనివారి కష్టానికి ఎంత బరువివ్వాలన్న తీర్పు మాత్రమే మారింది. చూడటానికి గణితంలా ఉండే ఈ అంకెలో ఒక నైతిక నిర్ణయం దాగి ఉంది. అభిప్రాయ భేదం శాస్త్రం మీద కాదు, ఈ తీర్పు మీద అని తెలిస్తే చాలా వాదోపవాదాలు అర్థమవుతాయి.

## కోరికల తయారీ

మనిషి ఆశకు అంతులేదు కాబట్టి వినియోగం పెరిగిందనే మాట తరచూ వినిపిస్తుంది. చరిత్ర అంత సులువుగా దానికి లొంగదు. అవసరానికి మించి కొనే అలవాటును ఎంతో శ్రమపడి నిర్మించాల్సి వచ్చింది.

1899లో ఆర్థికవేత్త థోర్‌స్టీన్ వెబ్లెన్ హోదాను చాటుకోవడానికి చేసే ఖర్చు గురించి రాశారు. అప్పట్లో ఆయన దృష్టి ప్రధానంగా సంపన్న వర్గం మీద. ఆ తర్వాతి శతాబ్దంలో అది మధ్యతరగతి నిత్యజీవితంలోకి దిగింది. కార్ల పరిశ్రమ దీనికి తేటైన ఉదాహరణ. హెన్రీ ఫోర్డ్ 1908 నుంచి 1927 దాకా దాదాపు ఒకే నమూనాతో మోడల్ టి కారును అమ్మారు. అది చాలాకాలం నడవడం, ఎవరైనా బాగుచేసుకోగలగడం దాని బలం. పోటీదారు జనరల్ మోటార్స్‌ను నడిపిన ఆల్‌ఫ్రెడ్ స్లోన్ మరో దారి పట్టారు. ఏటా రూపం మారుస్తూ, ఆదాయానికి తగ్గ మెట్లుగా కార్ల శ్రేణులు ఏర్పరిచారు. నడుస్తున్న కారునే పాతదిగా అనిపించేలా చేయడం ఇందులోని కిటుకు. పాడైపోవడమన్నది యంత్రం నుంచి యజమాని మనసులోకి మారింది.

యంత్రాన్నే తొందరగా పాడుచేసిన సందర్భమూ ఉంది. 1924లో ప్రపంచంలోని ప్రధాన బల్బుల కంపెనీలు ఫీబస్ పేరుతో ఒక కూటమిగా ఏర్పడి, బల్బు జీవితకాలాన్ని వెయ్యి గంటలకు కుదించాయి. అంతకుముందు 1,500 గంటలు, అంతకు మించీ వెలిగే బల్బులు మామూలే. గీత దాటి ఎక్కువసేపు వెలిగే బల్బులు చేసిన సభ్య కంపెనీకి జరిమానా పడేది.

యుద్ధానంతరం వాడి పారేయడం ఒక సౌకర్యంగా, చివరికి స్వేచ్ఛగా ప్రచారం పొందింది. 1955లో ‘లైఫ్’ పత్రిక, ఒకసారి వాడి విసిరేసే పళ్లేలు, గ్లాసులు గాల్లో ఎగురుతుండగా సంతోషంగా చేతులు చాచిన కుటుంబం ఫొటోతో ఈ కొత్త జీవనాన్ని స్వాగతించింది. ఇంటి చాకిరీ తగ్గుతుందన్న మాటలో నిజముంది, ముఖ్యంగా ఆ చాకిరీ మోస్తున్న స్త్రీలకు. అందుకే ఆ మార్పు అంత వేగంగా పాకింది. 1950లో ప్రపంచ ప్లాస్టిక్ ఉత్పత్తి సుమారు 20 లక్షల టన్నులు. 2019 నాటికి 46 కోట్ల టన్నులు. చెత్తగా మారినదాంట్లో మళ్లీ వాడుకలోకి వచ్చేది 9 శాతమే.

హోదా కోసం చేసే ఖర్చుకు మరో గుణం ఉంది. గుంపులో ఒకరు మునివేళ్ల మీద లేస్తే వెనకవారూ లేవాలి, చివరికి అందరికీ కాళ్లు నొప్పే తప్ప ఎవరికీ ఎక్కువ కనపడదు. ఈ పోటీలో ఒంటరిగా తప్పుకున్నవారికి సామాజికంగా నష్టం. అసమానత ఎక్కువగా ఉన్న సమాజంలో ఈ ఒత్తిడి మరింత బలంగా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ మెట్ల మధ్య ఎత్తు ఎక్కువ.

## సామర్థ్యం పెరిగినా వాడకం తగ్గదు

ఇదంతా సాంకేతికత సర్దుబాటు చేస్తుందన్న ఆశకు 1865లోనే ఒక ఆక్షేపణ వచ్చింది. ఆవిరి యంత్రాలు తక్కువ బొగ్గుతో ఎక్కువ పని చేయడం మొదలుపెట్టాక బ్రిటన్‌లో బొగ్గు వాడకం తగ్గకపోగా పెరిగిందని ఆర్థికవేత్త విలియం స్టాన్లీ జెవన్స్ గమనించారు. పని చౌకైతే ఆ పనికి గిరాకీ పెరుగుతుంది. నేటి కార్ల ఇంజిన్లు పాతవాటికంటే ఎంతో సమర్థమైనవి. కానీ ఆ లాభంలో పెద్ద భాగాన్ని బరువు, పరిమాణం మింగేశాయి. 2023లో ప్రపంచంలో అమ్ముడైన కార్లలో దాదాపు సగం ఎస్‌యూవీలే. సాంకేతికత పొదుపును చేతికిస్తుంది. దాన్ని మిగుల్చుకోవాలా, మరోచోట ఖర్చుపెట్టాలా అన్నది సంస్కృతి చేతిలో ఉంది.

## ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందా?

ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని సామెత. 1968లో జీవశాస్త్రవేత్త గారెట్ హార్డిన్ ‘సైన్స్’లో చేసిన వాదన సరిగ్గా ఇదే. అందరిదైన పచ్చికబయలులో ప్రతి కాపరీ మరో పశువును చేర్చడమే లాభమనుకుంటాడు, చివరికి గడ్డి ఎవరికీ మిగలదు. కాబట్టి ప్రైవేటు ఆస్తి అయినా కావాలి, ప్రభుత్వ నియంత్రణ అయినా కావాలి అని తేల్చారు.

రాజనీతి శాస్త్రవేత్త ఎలినార్ ఆస్ట్రోమ్ నిజమైన పచ్చికబయళ్లను, కాలువలను, చేపల రేవులను పరిశీలించి ఇంకో చిత్రం ముందుంచారు. స్విట్జర్లాండ్‌లోని టోర్బెల్ గ్రామంలో 1517 నాటి నియమం ఒకటి ఉంది. చలికాలంలో ఎన్ని ఆవులను మేపి పోషించగలరో అంతకు మించి ఎవరూ ఎండాకాలం కొండ బయలుకు తోలకూడదు. శతాబ్దాలపాటు ఆ బయలు నిలిచింది. 2009లో ఆస్ట్రోమ్‌కు ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆమె చూపిన ఉమ్మడి ఆస్తులన్నింటికీ ఒక సామ్యం ఉంది: వాడేవారు ఒకరినొకరు ఎరుగుదురు, నియమాలు వారే పెట్టుకున్నారు, ఉల్లంఘన అందరికీ కనిపిస్తుంది. హార్డిన్ ఊహించిన బయలు నిజానికి ఉమ్మడిది కాదు, ఎవరికీ పట్టనిది.

అలాంటి సముదాయాలు వాటంతట అవే పోలేదు. ఇంగ్లండ్‌లో 1604 నుంచి 1914 దాకా 5,200కు పైగా చట్టాలతో సుమారు 68 లక్షల ఎకరాల ఉమ్మడి భూమికి కంచెలు వేశారు. వలస పాలనలు ఇదే పద్ధతిని దేశదేశాల అడవులకు, బీళ్లకు మోసుకెళ్లాయి. నేలతోపాటు దాన్ని కాపాడే నియమాలు, ఆ నియమాలు తెలిసిన మనుషులు కూడా చెదిరిపోయారు. వాతావరణం, మహాసముద్రం వంటి ప్రపంచ స్థాయి ఉమ్మడి ఆస్తులకు ఇప్పుడు నియమాలు కావలసివచ్చేసరికి, ఒకరినొకరు ఎరగని 800 కోట్ల మంది మిగిలారు.

## చెత్తకు చిరునామా మారితే

దూరపు కొండలు నునుపు అన్నట్టు, దూరంగా పడేసిన చెత్త శుభ్రతలా కనిపిస్తుంది. 1982లో అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రం విషపూరితమైన పీసీబీ రసాయనాలు కలిసిన మట్టిని పూడ్చడానికి వారెన్ కౌంటీని ఎంచుకుంది. నల్లజాతి పేదలు ఎక్కువగా ఉండే ప్రాంతం అది. నిరసనల్లో 500 మందికి పైగా అరెస్టయ్యారు. పర్యావరణ న్యాయం అన్న ఉద్యమం బలపడింది అక్కడి నుంచే. దేశాల మధ్య కూడా ఇదే వరస. ప్రమాదకర వ్యర్థాల రవాణాను అదుపు చేయడానికి 1989లో బాసెల్ ఒప్పందం అవసరమైంది. 2018లో చైనా ప్లాస్టిక్ చెత్త దిగుమతిని ఆపేసినప్పుడు, సంపన్న దేశాల చెత్త ఓడలు మలేసియా, వియత్నాం, థాయిలాండ్‌ల వైపు తిరిగాయి. చెత్తను తగ్గించాలన్న ఆలోచన కంటే ముందు కొత్త చిరునామా వెతకాలన్న ఆలోచన వచ్చింది.

జనాభాయే అసలు కారణమన్న వాదాన్ని కూడా ఈ వెలుగులోనే చూడాలి. 1970 నుంచి ప్రపంచ జనాభా రెండింతలకు కాస్త ఎక్కువగా పెరిగితే, భూమి నుంచి తీసే ముడిపదార్థాలు ఏడాదికి సుమారు 3,000 కోట్ల టన్నుల నుంచి 10,000 కోట్ల టన్నులు దాటాయి. తలల సంఖ్య కంటే తలసరి వాడకం బరువు తక్కువేమీ కాదు. ఆ వాడకం కూడా సమానంగా లేదు. స్వచ్ఛంద సంస్థ ఆక్స్‌ఫామ్ అంచనా ప్రకారం 1990 నుంచి 2015 వరకు వెలువడిన కర్బన ఉద్గారాల్లో అత్యంత సంపన్నులైన 10 శాతం మంది వాటా 52 శాతం. పేదలైన సగం మంది వాటా 7 శాతం. జననాలు ఎక్కువగా ఉన్న ప్రాంతాలు ఎక్కువగా ఆ రెండో వర్గంలోనివే.

## తిలా పాపం తలా పిడికెడు

ఇంతమందికి భాగమున్న తప్పుకు బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్నకు సమాధానం కూడా కొంతవరకు తయారుచేసినదే. 1953లో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం తిరిగి నింపే వీలులేని బీరు సీసాల అమ్మకాన్ని నిషేధించింది. అదే ఏడాది సీసాల, డబ్బాల కంపెనీల అండతో ‘కీప్ అమెరికా బ్యూటిఫుల్’ సంస్థ పుట్టింది. చెత్త వేసేవారిని మందలించే ప్రచారం సాగింది, వెర్మాంట్ చట్టం నాలుగేళ్లకు గడువు తీరి పోయింది. అరవై ఏళ్లలోపే ‘కర్బన పాదముద్ర’ (ఒకరి జీవనం వల్ల వెలువడే కర్బనం మొత్తం) అన్న మాటను ఇంటింటి లెక్కగా ప్రచారంలోకి తెచ్చినవాటిలో చమురు కంపెనీ బీపీ ముందుంది.

వ్యక్తుల ఎంపికలకు విలువ లేదని కాదు. వాటి హద్దు ఎక్కడో 2020 చూపించింది. మహమ్మారి వల్ల విమానాలు నేల మీదే ఉన్నాయి, రోడ్లు ఖాళీ అయ్యాయి, కోట్ల మంది ఇళ్లు కదల్లేదు. ఆ ఏడాది ప్రపంచ కర్బన ఉద్గారాలు తగ్గింది సుమారు 5 శాతం. మరుసటి ఏడాదికి దాదాపు అంతా తిరిగొచ్చింది. మనుషులు ఆగినా విద్యుత్ కేంద్రాలు, ఉక్కు, సిమెంటు, ఎరువుల కర్మాగారాలు నడుస్తూనే ఉన్నాయి. జీవన విధానమంటే అలవాట్లే కాదు, ఆ అలవాట్ల కింద పోసిన కాంక్రీటు కూడా.

## ఇక ముందు

దూరాన్ని తగ్గించే ప్రయత్నాలు కొన్ని మొదలయ్యాయి. వస్తువులను ఉద్దేశపూర్వకంగా తొందరగా పాడయ్యేలా చేయడాన్ని ఫ్రాన్స్ 2015లో నేరంగా ప్రకటించింది. 2021 నుంచి కొన్ని ఎలక్ట్రానిక్ వస్తువుల మీద, వాటిని ఎంత తేలిగ్గా బాగుచేయవచ్చో చెప్పే మార్కులు తప్పనిసరి చేసింది. 2008లో ఈక్వడార్ రాజ్యాంగం ప్రకృతికి హక్కులు ఇచ్చింది. 2017లో న్యూజిలాండ్ వాంగనూయీ నదిని చట్టపరమైన వ్యక్తిగా గుర్తించి, నది తరఫున మాట్లాడే ప్రతినిధులను నియమించే ఏర్పాటు చేసింది. లెక్కలో లేనిదానికి ఒక గడి కల్పించడమే వీటన్నింటి పని. ఈక్వడార్ చమురు తవ్వకాల మీద ఆధారపడటం ఆగలేదు కనుక, హక్కు రాసిపెట్టినంత మాత్రాన ఆదాయపు ఒత్తిడి పోదనీ గమనించాలి.

మరపు ఈ ప్రయత్నాలకు పెద్ద అడ్డు. ప్రతి తరం చేపల శాస్త్రవేత్తలూ తమ ఉద్యోగ ప్రారంభంలో చూసిన నిల్వనే సహజ స్థితిగా భావిస్తారని మత్స్య శాస్త్రవేత్త డేనియల్ పాలీ 1995లో రాశారు. ఫ్లోరిడాలోని కీ వెస్ట్‌లో వేటకు వెళ్లిన పర్యాటకులు 1956 నుంచి 2007 వరకు తాము పట్టిన చేపలతో దిగిన ఫొటోలను పరిశోధకురాలు లోరెన్ మెక్‌క్లెనకన్ పరిశీలించారు. ప్రదర్శించిన చేప సగటు బరువు సుమారు 20 కిలోల నుంచి 2.3 కిలోలకు పడిపోయింది. ఆ పడవ విహారాలకు వసూలు చేసే ధర మాత్రం తగ్గలేదు.

కెనడా తూర్పు తీరంలోని న్యూఫౌండ్‌లాండ్‌లో ఈ మరపు ప్రభుత్వ విధానంలోకి ఎలా ప్రవేశిస్తుందో ఇప్పుడు చూడవచ్చు. అక్కడి కాడ్ చేపల వేట 1968లో ఎనిమిది లక్షల టన్నులకు చేరి, ఆపైన కుప్పకూలింది. 1992లో వాణిజ్య వేటను నిషేధించారు. సుమారు 30 వేల మంది ఉపాధి పోయింది. 2023లో నిల్వలను అంచనా వేసే నమూనాను, దాంతోపాటు ప్రమాద స్థాయిని సూచించే గీతను శాస్త్రవేత్తలు సవరించారు. ఆ సవరణతో కాడ్ ప్రమాద మండలం దాటి జాగ్రత్త మండలంలోకి చేరినట్టయింది. సముద్రంలో చేపలు ఒక్కసారిగా పెరగలేదు, పోల్చి చూసే గీత జరిగింది. 2024లో నిషేధం ఎత్తేసి 18,000 టన్నుల వేటకు అనుమతి ఇచ్చారు.